బిళ్ళ ఆపినా బానే ఉన్నానే అనుకున్న చెల్లికి

ప్రశ్న: అక్కా నమస్తే. మాది అల్లూరు పక్కన పల్లె. నాకు 33 ఏళ్ళు, ఆరేళ్ళ బాబు ఉన్నాడు, మా ఆయన రొయ్యల గుంటల కాడ పనికి పోతాడు. పోయినేడు నుంచి ఒకటే నీరసం, జుట్టు దువ్వెన నిండా వస్తంది, 59 కేజీలు ఉండేదాన్ని 68కి వచ్చా. టెస్ట్ చేయిస్తే థైరాయిడ్ తక్కువుంది, టీఎస్‌హెచ్ 18 అని చెప్పి 50 మైక్రోగ్రాముల థైరాయిడ్ బిళ్ళ రాశారు, రక్తం తక్కువుందని ఐరన్ బిళ్ళ కూడా ఇచ్చారు. పొద్దన్నే కాఫీతో రెండూ కలిపి మింగేసేదాన్ని. మూడు నెలలకి 9.4 అయింది. ఈలోపు తెలిసినామె జీవితాంతం వేసుకుంటే కిడ్నీలు పోతాయి అనింది, భయమేసి ఆపేశా. ఆపినాక రెండు వారాలు బానే ఉన్నా, అందుకని ఇంక అక్కర్లేదేమో అనుకున్నా. ఇప్పటికి నాలుగు నెలలు, మొన్న చూపిస్తే 26. మా అత్త ఏమో ఎండాకాలంలో కూడా ఫ్యాను వెయ్యనీకుండా దుప్పటి కప్పుకోని వసారాలో కూర్చోని ఆ బొంగురు గొంతుతో, మా కాలంలో ఈ రోగాలున్నాయా, అంతా సోమరితనం అంటది. మా ఆడబిడ్డకి కూడా థైరాయిడే అంట, కానీ తను చిక్కి సగమైంది, గుండె దడ, చేతులు వణుకు. ఒకే జబ్బు ఇద్దరికి రెండు రకాలుగా ఎట్టా వస్తది? తన బిళ్ళలు నేను వేసుకుంటే సన్నబడతానా? మేం ఇంట్లో ఇసకపల్లి రాళ్ళుప్పే వాడతాం, సముద్రం ఉప్పే కదా, అయోడిన్ ఉంటది కదా? రెండో బిడ్డ కావాలని కూడా ఉంది. జవాబు ఇవ్వండి అక్కా.

జవాబు: చెల్లీ, ముందు ఒక మాట, మిగతా అంతా తర్వాత చదువుకుందువు గానీ. నీది సోమరితనం కాదు. టీఎస్‌హెచ్ 26 ఉన్న మనిషి పొద్దన్నే లేచి పిల్లోడిని స్కూలుకి పంపి, వంట చేసి, అంట్లు తోమి, మొగుడికి క్యారేజీ కట్టిందంటే అది కష్టపడ్డమే, మామూలు వాళ్ళకంటే ఎక్కువ కష్టపడ్డం. రెండోది, ఆ థైరాయిడ్ బిళ్ళ, లెవోథైరాక్సిన్ అంటారు దాన్ని, మళ్ళీ మొదలుపెట్టాలి, నెలాఖరుకి కాదు, ఈ రెండ్రోజుల్లోనే నిన్ను చూసిన డాక్టర్ దగ్గరికి పోయి ఆపిన సంగతి దాచకుండా చెప్పి. తిడతారేమోనని చాలామంది ఆపిన విషయం చెప్పరు, అప్పుడు డాక్టర్ ఏమనుకుంటాడు, 50 వేసుకుంటా ఉన్నా 26 వచ్చిందే అని ఒకేసారి డోసు ఎక్కువ రాస్తాడు, అది ఇంకో తలనొప్పి. నేను నెల్లూరులో ఇరవై ఏళ్ళుగా ప్రాక్టీస్ చేస్తన్నా, నిజం చెప్పిన పేషెంట్ మీద ఏ డాక్టర్‌కీ కోపం రాదు, వచ్చినా ఒక్క నిమిషమే.

ఇంక అసలు సంగతి. మెడ ముందర, గొంతుముడి కింద, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు ఉంటది థైరాయిడ్ గ్రంథి, బరువు ఎంత, 20 గ్రాములు అటూఇటూ, అంతే. అంత చిన్నది మన ఒళ్ళంతటినీ ఎట్టా నడిపిస్తదా అని నీకు అనుమానం రావచ్చు, మీ ఆయన్ని అడుగు, గుంటలో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు స్లో అయితే ఏమవుతుందో. రొయ్య చావదు వెంటనే, మేత తినదు, కదలదు, నీళ్ళు పాడవుతా ఉంటాయి, అన్నీ నిదానంగా చెడిపోతా ఉంటాయి. మన ఒంట్లో ఒక్కో కణం ఒక్కో గుంట అనుకో, అన్ని గుంటల్లో ఏరేటర్ల స్పీడు పెట్టేది ఒకే హార్మోను, అది ఈ గ్రంథిలోంచి వస్తది. గ్రంథి మనం తిన్న అయోడిన్‌ని రక్తంలోంచి లాక్కోని టీ4 అనే హార్మోన్ తయారుచేస్తది, దాంట్లో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి, అందుకే ఆ పేరు. అది లివరు, కిడ్నీలు, కండరాలకి చేరినాక ఒక అయోడిన్ ఊడిపోయి టీ3 అవుతది, పనిచేసేది ఈ టీ3నే. ఇది కణం లోపల న్యూక్లియస్ దాకా పోయి ఏ జన్యువులు ఎంత పనిచేయాలో చెప్తది, దాంతో కణం ఎక్కువ ఆక్సిజన్ వాడతది, కొవ్వు, చక్కెర కరిగిస్తది, ఒంట్లో వేడి పుట్టిస్తది, గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, పేగులు ఎంత చురుగ్గా కదలాలి, లివరు రక్తంలోంచి చెడ్డ కొలెస్ట్రాల్ ఎంత లాగెయ్యాలి, అన్నిటికీ ఇదే లెక్క. అందుకే ఇది తగ్గితే ఒక చోట కాదు, తల నుంచి కాలి దాకా తెలుస్తది, నీరసం, చలి, మలబద్ధకం, చర్మం బరకగా అవడం, నెలసరి ఎక్కువ పోవడం, నాడి నెమ్మదించడం, కొలెస్ట్రాల్ పెరగడం, మనసుకి ఏదీ పట్టకపోవడం. వెంట్రుకలు పెరిగే దశ వదిలేసి ఒకేసారి రెస్టు దశలోకి పోతాయి, అందుకే దువ్వెన నిండా వస్తన్నాయి. జుట్టు సంగతి ముందే చెప్తన్నా, టీఎస్‌హెచ్ సరైపోయిన తర్వాత కూడా మూడు నాలుగు నెలలు పడతది, ఈలోపు కంగారుపడి వంద నూనెలు కొనొద్దు.

టీఎస్‌హెచ్ అంటే ఏంది, హార్మోన్ తక్కువైతే అది ఎందుకు పెరుగుతది అని అందరూ అడుగుతారు, తలకిందులుగా ఉందే అని. ఇది మన కాలవ లెక్కే. సోమశిల నీళ్ళు కాలవకి వదిలినాక చివరి భూముల రైతు చూస్తాడు, తన మడికి నీళ్ళు చాలినంత వస్తన్నాయా లేదా. వస్తంటే నోరెత్తడు. రాకపోతే తూములు చూసే లస్కరుని పిలుస్తాడు, ఇంకా రాకపోతే గట్టిగా అరుస్తాడు, అప్పటికీ రాకపోతే ఊరంతా వినపడేట్టు అరుస్తాడు. ఆ రైతు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, ఆ అరుపు అది వదిలే టీఎస్‌హెచ్, లస్కరు తెరవాల్సిన తూము థైరాయిడ్. మామూలుగా ఆ అరుపు 0.4 నుంచి 4 మధ్యలో ఉంటది, ల్యాబ్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ. నీకు 18 అంటే రైతు గొంతు చించుకుంటన్నాడు, తూము తెరుచుకోలా. 26 అంటే ఇంకా గట్టిగా.

తూము ఎందుకు పాడైంది అంటే, మన దగ్గర ఎక్కువ మందికి కారణం ఒకటే. రోగాలతో పోరాడాల్సిన మన రక్తంలోని కణాలే పొరపాటున సొంత గ్రంథినే పరాయిదనుకోని ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం దెబ్బతీస్తాయి. 1912లో హషిమోటో అనే జపాన్ డాక్టర్ దీన్ని మొదట వివరంగా రాశాడు, అందుకే ఆయన పేరే జబ్బుకి. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి చాలా ఎక్కువ, కుటుంబాల్లో కూడా పారతది. యాంటీ టీపీఓ అనే టెస్ట్ ఒకసారి చేయిస్తే తెలుస్తది, ప్రతిసారి చేయించాల్సిన పన్లేదు, డబ్బులు దండగ. నువ్వు చేసిన తప్పు వల్లో, తిన్న క్యాబేజీ వల్లో వచ్చింది కాదు ఇది. క్యాబేజీ, కాలీఫ్లవరు ఉడికించి మామూలుగా తిను, ఏం కాదు.

ఇప్పుడు నువ్వు రాసిన దాంట్లో నన్ను బాగా ఆపిన వాక్యం, ఆపినాక రెండు వారాలు బానే ఉన్నా అన్నది. ఇదే చెల్లీ అసలు మోసం, దీంట్లోనే ఎంతమంది పడిపోతారో. ఈ టీ4 రక్తంలో బో నిదానంగా కరిగే హార్మోను, సగం అవడానికే వారం రోజులు పడతది. అంటే నువ్వు ఆపిన వారానికి బిళ్ళతో వచ్చిన దాంట్లో సగం ఒంట్లో ఉంది, రెండో వారానికి పావు ఉంది, మూడో వారానికి అందులో సగం. కాలవ కట్టేసినా మడిలో తేమ కొన్నాళ్ళు ఉంటది కదా, పైరు వెంటనే వాడదు. ఆ తేమ మీద నువ్వు బానే ఉన్నావు. వాడిపోడం మొదలైంది నెల దాటినాక, అప్పటికి నువ్వు బిళ్ళ సంగతి మర్చిపోయావు, నీరసానికి వేరే కారణాలు వెతుక్కున్నావు, ఎండలనో పనెక్కువనో.

ఇదే లెక్క రెండో వైపు కూడా. బిళ్ళ మొదలుపెట్టిన మూడో రోజుకి ఏమీ తెలియలా అని నిరాశపడొద్దు. రక్తంలో మట్టం కుదురుకోడానికే ఐదారు వారాలు కావాలి, అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకి టెస్ట్ అంటారు, పదిహేను రోజులకోసారి టెస్ట్ చేయించి అంకెలు చూసి ఏడవడం వల్ల లాభం లేదు. ఎప్పుడైనా ఒక రోజు మర్చిపోతే కూడా కొంప మునగదు, గుర్తొచ్చినప్పుడు వేసుకో, పొద్దన్నే వేసుకోలా కాబట్టి ఇంక ఈరోజుకి వదిలేద్దాం అనుకోవద్దు.

ఇంక కాఫీ. మూడు నెలలు క్రమం తప్పకుండా వేసుకున్నా 18 నుంచి 9.4కే ఎందుకు ఆగిందో నువ్వు రాసిన దాంట్లోనే ఉంది జవాబు. ఈ బిళ్ళ పేగుల్లోంచి రక్తంలోకి పోవాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. కాఫీ దాన్ని సగంలో ఆపేస్తది, ఐరన్ అయితే ఇంకా ఘోరం, బిళ్ళని పట్టుకోని రెండూ కలిసి ఒంట్లోకి పోకుండా బయటికి పోతాయి. క్యాల్షియం బిళ్ళ, గ్యాస్‌కి తాగే మందులు, సోయా కూడా అంతే. నువ్వు మింగింది 50 అయితే లోపలికి పోయింది ఎంతో ఆ దేవుడికే తెలియాలి, పైగా ఐరన్ కూడా సరిగ్గా ఎక్కలా, రక్తం పెరగలా. నీ నీరసంలో రక్తం తక్కువ వాటా కూడా ఉంది, థైరాయిడ్ తక్కువైతే నెలసరి ఎక్కువ పోవచ్చు, నెలసరి ఎక్కువ పోతే రక్తం తగ్గుతది, ఒకదానికొకటి ముడి. కాబట్టి ఇట్టా చెయ్యి, తెల్లారగట్ల నిద్రలేచి ముఖం కడిగినాక ఒక గ్లాసు మంచినీళ్ళతో ఈ ఒక్క బిళ్ళే వేసుకో, బాబుని లేపి తయారుచేసి వాకిలి చిమ్మి ముగ్గేసేటప్పటికి గంట అయిపోతది, అప్పుడు కాఫీ తాగు. కనీసం అరగంట, గంట అయితే మేలు. ఐరన్ బిళ్ళ మధ్యాహ్నం అన్నం అయినాక వేసుకో, మధ్యలో నాలుగు గంటలు గ్యాప్ రావాలి. పొద్దన్నే అసలు కుదరట్లేదంటే రాత్రి భోంచేసిన మూడు గంటల తర్వాత పడుకోబోయే ముందు వేసుకున్నా పనిచేస్తది, కానీ ఏదో ఒకటే టైము పెట్టుకో, రోజుకో రకంగా కాదు.

సీసా ఎక్కడ పెడతావు? చాలా ఇళ్ళల్లో పొయ్యి గట్టు పైన అరలోనో, కిటికీ పక్కనో చూశా. మన రోహిణి కార్తె ఎండలకి రేకుల ఇంట్లో సీసా లోపలి వేడి ఎంతుంటదో ఆలోచించు. ఈ బిళ్ళ వేడికి, తేమకి, వెలుతురుకి బలం తగ్గిపోయే రకం. పడకగదిలో చల్లగా ఉండే బీరువాలో పెట్టుకో, సీసాలోంచి తీసి వారానికి సరిపడా కాగితంలో కట్టుకోవద్దు. కంపెనీ కూడా మాటిమాటికి మార్చొద్దు, ఏ కంపెనీది మొదలుపెట్టావో అదే వాడు, మార్చాల్సి వస్తే ఆరు వారాలకి ఒకసారి టెస్ట్ చేయించుకో. ఇంకో సంగతి, జుట్టు కోసం బయోటిన్ బిళ్ళలు వేసుకుంటన్నావేమో, అవి ల్యాబ్‌లో థైరాయిడ్ అంకెల్ని తప్పుగా చూపిస్తాయి, టెస్ట్‌కి రెండు మూడు రోజుల ముందే ఆపి వెళ్ళు.

డోసు గురించి ఒక లెక్క చెప్తా, నువ్వే పెంచుకోమని కాదు, అర్థం కావాలని. గ్రంథి పూర్తిగా పడకేసిన మనిషికి కేజీ బరువుకి 1.6 మైక్రోగ్రాముల చొప్పున కావాలి, 68 కేజీలకి 109 దాకా. నీ గ్రంథి ఇంకా ఎంతో కొంత పనిచేస్తంది కాబట్టి నీకు 50 చాలొచ్చు, 75 పట్టొచ్చు, 100 పట్టొచ్చు. 100 రాసినంత మాత్రాన జబ్బు ముదిరిందని కాదు, చెప్పుల సైజు లాంటిది, మీ పక్కింటామెకి 25 చాలిందని నువ్వు బాధపడాల్సింది లేదు.

కిడ్నీలు పోతాయన్న మాట ఎవరన్నారో గానీ, సరిగ్గా తలకిందులు చెప్పారు. ఈ బిళ్ళలో ఉండేది మందు కూడా కాదు, నీ గ్రంథి రోజూ తయారుచేసే టీ4నే అచ్చంగా అదే, ల్యాబ్‌లో తయారుచేసింది. అది ఒంట్లో తగ్గితేనే కిడ్నీలకి రక్తం తక్కువ పోయి వడపోత మందగిస్తది, కిడ్నీ టెస్ట్‌లో చూసే క్రియాటినిన్ కొంచెం పెరగడం కూడా చూస్తా ఉంటాం, బిళ్ళ వేసుకుంటే అది సర్దుకుంటది. హాని ఎప్పుడంటే అవసరానికి మించి వేసుకున్నప్పుడు, గుండె లయ తప్పుతది, ఏళ్ళ తరబడి అట్టానే ఉంటే ఎముకలు గుల్లబారతాయి. అందుకే టెస్ట్. రోజుకి రూపాయో రెండ్రూపాయలో అయ్యే బిళ్ళ ఇది, దీన్ని మించిన చౌక వైద్యం నాకు తెలిసి చాలా తక్కువ.

మన నెల్లూరు గొర్రెల పేరు దేశమంతా తెలుసు కదా, ఒక గొర్రెల కథ చెప్తా. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే అనే కుర్ర డాక్టర్ గొర్రె థైరాయిడ్ గ్రంథి రసం తీసి 46 ఏళ్ళ ఆమెకి ఎక్కించాడు. అప్పటికి ఆమె ముఖం ఉబ్బిపోయి, మాట ముద్దయి, కదల్లేని స్థితిలో ఉంది, ఆ రోజుల్లో ఆ జబ్బుకి మందే లేదు. ఆమె లేచి తిరిగింది, ఇంకో 28 ఏళ్ళు బతికి 74వ ఏట పోయింది. ఆ 28 ఏళ్ళలో ఆమె ఒక్కదానికి పట్టిన రసం 870కి పైగా గొర్రెల గ్రంథులదంట. ఇప్పుడు నీ సీసాలో ఉన్న బిళ్ళ అదే పని చేస్తంది చెల్లీ, గొర్రెని కొయ్యకుండా. జీవితాంతం వేసుకోవాలా అని భయపడతన్నావు, నేను దాన్ని ఆమె వైపు నుంచి చూస్తా, వేసుకుంటే జీవితం అంతా ఉంది.

ఇది నేను పుస్తకం చదివి మాత్రమే చెప్పట్లా. మా అమ్మ కందుకూరులో ఉండేది, నేను మెడిసిన్ చదివే రోజుల్లో సెలవులకి పోతే మాట్లాడుతూ మాట్లాడుతూ కూర్చునే నిద్రపోయేది. మేమంతా వయసైంది అనుకున్నాం, ఆమెకి అప్పుడు 54. ఏటా ఎండాకాలం మేడ మీద చీరలు పరిచి వీధికంతా సరిపడా వడియాలు పెట్టే మనిషి ఆ ఏడు పెట్టలా, ఎవరం అడగలా. అక్కడ ఒక డాక్టర్ ఏడాది పాటు మోకాళ్ళ నొప్పులకి బిళ్ళలు ఇస్తా వచ్చాడు. సంక్రాంతికి నేను పోయినప్పుడు ఊరికే చెయ్యి పట్టుకుంటే నాడి 52 కొడతంది, చర్మం గరుకుకాగితంలా ఉంది, ముఖం ఉబ్బింది గానీ వేలుతో నొక్కితే గుంట పడట్లా. టీఎస్‌హెచ్ 100 దాటింది. గుండె మీద భారం పడకుండా చిన్న డోసుతో మొదలుపెట్టి నెలనెలా పెంచారు. మరుసటి ఎండాకాలం ఫోన్ చేసి, ఏమే, వడియాలు పంపిస్తన్నా, మీ హాస్టల్ పిలకాయలకి కూడా పెట్టు అనింది. ఆ ఫోన్ పెట్టేసి నేను ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఏడాది పాటు నా కళ్ళ ముందే ఉంది, నేనే చూడలా.

బరువు సంగతి నిజం చెప్తా, బాధపడొద్దు. థైరాయిడ్ తక్కువ వల్ల పెరిగే బరువు మామూలుగా మూడు నాలుగు కేజీలు, అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిపోయిన నీరు, ఉప్పు. నీ తొమ్మిది కేజీల్లో అంతమేర దిగొచ్చు, మిగతాది నీరసంతో కదలిక తగ్గి వచ్చింది, అది బిళ్ళతో పోదు, ఓపిక వచ్చినాక నడకతో, అన్నం కాస్త తగ్గించి కూర పెంచుకోడంతో పోవాల్సిందే. త్వరగా సన్నబడాలని రెండు బిళ్ళలు వేసుకునే వాళ్ళని చూశా, కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతది, గుండె దడ బోనస్సు. వద్దు.

మీ ఆడబిడ్డ బిళ్ళలు మాత్రం పొరపాటున కూడా ముట్టుకోవద్దు. మన వాడుకలో నాకు థైరాయిడ్ ఉంది అంటాం గానీ, థైరాయిడ్ అందరికీ ఉంటది, ఎక్కువా తక్కువా అనేదే ముఖ్యం. నువ్వు రాసినదాన్ని బట్టి తనది ఎక్కువ రకం, అందులో ఎక్కువగా కనపడేది గ్రేవ్స్ జబ్బు. మళ్ళీ మన కాలవ దగ్గరికి రా. తన ఒంట్లో ఏం జరుగుతందంటే, రైతు గొంతుని అచ్చంగా అనుకరించే దొంగ ఒకడు తూము పక్కన నిలబడి రాత్రింబగళ్ళు అరుస్తా ఉంటాడు, ఆ దొంగ ఒక యాంటీబాడీ, అంటే రోగాలతో పోరాడే కణాలు పొరపాటున తయారుచేసిన పదార్థం. లస్కరు నమ్మి తూము ఎత్తేశాడు. మడి మునిగిపోతంది, అసలు రైతు నోరు మూసుకోని కూర్చున్నాడు, అందుకే తన రిపోర్ట్‌లో టీఎస్‌హెచ్ 0.01 లాగా ఏదో ఉండి ఉంటది. ఒంట్లో అన్ని ఏరేటర్లు ఫుల్ స్పీడు, తిన్నది తిన్నట్టు కరిగిపోడం, చెమటలు, విరేచనాలు, నిద్ర పట్టకపోడం, చీటికీమాటికీ కోపం. తనకి ఇచ్చేది బహుశా కార్బిమజోల్, గ్రంథి పనిని తగ్గించే మందు. అది నువ్వు వేసుకుంటే ఉన్న కాస్త తూము కూడా మూసుకుంటది, 26 కాస్తా ఎక్కడికి పోతదో.

తనకి ఒక మాట చెప్పు నా తరపున, ఆ బిళ్ళలు వేసుకునేటప్పుడు జ్వరం, గొంతు నొప్పి వస్తే మామూలు జలుబే అని కూర్చోవద్దు, చాలా అరుదుగా తెల్ల రక్తకణాలు పడిపోతాయి, బిళ్ళ ఆపి అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి. కళ్ళు ముందుకొచ్చినట్టు, ఇసక పడ్డట్టు ఉంటే కంటి డాక్టర్‌కి చూపించాలి, ఇంట్లో ఎవరైనా బీడీ సిగరెట్ కాలిస్తే తనకి దూరంగా కాల్చమను, పొగ ఆ కళ్ళకి విషం. గర్భం వస్తే వెంటనే చెప్పాలి, మందు మార్చాల్సి రావచ్చు.

ఉప్పు ప్రశ్న నాకు బో నచ్చింది, ఎందుకంటే మన తీరం వాళ్ళంతా ఇట్టానే అనుకుంటారు. ఉప్పు మడుల పక్కనే ఉన్నాం, మనకి అయోడిన్ కొరత ఏంది అని. సముద్రపు నీళ్ళలో అయోడిన్ ఉండే మాట నిజం, కానీ చాలా కొంచెం, నీళ్ళు ఎండి రాళ్ళుప్పు గడ్డకట్టేటప్పటికి అందులో మిగిలేది లెక్కలోకి రాదు. ప్యాకెట్ ఉప్పులో ఉండేది తర్వాత కలిపింది. చట్టం ప్రకారం మన ఇంటికి చేరేటప్పటికి 15 పీపీఎం ఉండాలి, అంటే గ్రాముకి 15 మైక్రోగ్రాములు, పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సింది 150. దీని వెనకాల మన తెలుగాయన కష్టం ఉంది, శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి గారు 1956లో హిమాచల్ కాంగ్రా లోయలో మొదలుపెట్టిన పరిశోధన, ఉప్పులో అయోడిన్ కలిపిన ఊళ్ళల్లో గొంతు వాపులు ఎట్టా తగ్గాయో చూపించింది, 1962లో దేశమంతటికీ గాయిటర్, అంటే ఈ గొంతు వాపు, నివారణ కార్యక్రమం వచ్చింది. కాబట్టి ఊరగాయకి రాళ్ళుప్పు వాడుకో, దాని రుచి దానిదే, రోజూ కూరల్లోకి, చారులోకి అయోడిన్ ఉప్పు వాడు, మూత గట్టిగా పెట్టి పొయ్యికి దూరంగా. ఇది నీ జబ్బుని నయం చెయ్యదు, నీకు వచ్చింది అయోడిన్ కొరత వల్ల కాకపోవచ్చు, కానీ నీ కొడుక్కి, రేపు పుట్టబోయే బిడ్డకి కావాలి. అట్టాగని అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు పొడులు కొని తాగొద్దు, మోతాదు మించితే దెబ్బతిన్న గ్రంథి ఇంకా మూలబడతది. చేపల పులుసు నీ ఇష్టం, ఎంతైనా తిను.

బిడ్డ సంగతికి వద్దాం. కడుపులో బిడ్డకి మొదటి మూడు నెలలు సొంత థైరాయిడ్ పనిచెయ్యదు, మెదడు తయారవడం మొదలయ్యేది ఆ నెలల్లోనే, అప్పుడు బిడ్డ వాడుకునేది నీ టీ4నే. అందుకే 26 మీద గర్భం దాల్చొద్దు చెల్లీ. ఒక నాలుగైదు నెలలు ఆగండి, మీ ఆయనకి కూడా ఇది చదివి వినిపించు, టీఎస్‌హెచ్ 2.5 లోపలికి రానివ్వండి, రక్తం కూడా పెరగనివ్వండి. చాలామందికి ఈ అంకె సరైనాక గర్భం తొందరగా నిలుస్తది కూడా. నెల తప్పిందని తెలిసిన రోజే డోసు పెంచాల్సి వస్తది, మామూలుగా పావు వంతు నుంచి సగం దాకా ఎక్కువ పడతది, వారానికి ఏడు బదులు తొమ్మిది బిళ్ళలు వెయ్యమని చాలామంది డాక్టర్లు ముందే చెప్పి ఉంచుతారు, నువ్వు కూడా ఇప్పుడే అడిగి చీటీ మీద రాయించుకో, అప్పుడు అపాయింట్‌మెంట్ కోసం పది రోజులు వెయిట్ చెయ్యకుండా. గర్భంలో ఐదో నెల దాకా నెలకోసారి టెస్ట్. గర్భమని తెలిశాక భయంతో బిళ్ళ ఆపేసే వాళ్ళు ఇంకా ఉన్నారు, అంతకంటే పెద్ద తప్పు లేదు. పుట్టినాక మూడో రోజో నాలుగో రోజో బిడ్డ మడమలోంచి ఒక చుక్క రక్తం తీసి టీఎస్‌హెచ్ చూడమని నువ్వే అడుగు, వాళ్ళు మర్చిపోయినా. ఈసారి రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు కాడికి పోయి సంతానం రొట్టె పట్టుకోవాలని ఉంటే తప్పకుండా పో, ఆ పొద్దున కూడా బిళ్ళ వేసుకోని బస్సెక్కు.

చివరగా మీ అత్త. నువ్వు కోపంతో రాసిన వాక్యాన్ని నేను మూడుసార్లు చదివా. ఎండాకాలంలో ఫ్యాను వద్దంటది, దుప్పటి కప్పుకుంటది, గొంతు బొంగురు. మన అల్లూరు ఎండలకి దుప్పటి కప్పుకునే మనిషిని చూస్తే నాకు మా అమ్మే గుర్తొచ్చింది. మలబద్ధకం ఉందా, మాట నిదానమైందా, కనుబొమ్మల చివర్లు పలచబడ్డాయా, పొద్దస్తమానం కునికిపాట్లు పడతందా, కొంచెం గమనించు. చూడకుండా నేనేం తేల్చి చెప్పలేను, వేరే కారణాలు కూడా ఉండొచ్చు. కానీ నువ్వు ల్యాబ్‌కి పోయేటప్పుడు ఆమెని కూడా వెంటబెట్టుకో, నాకు తోడుగా రా అత్తా అని పిలువు, టీఎస్‌హెచ్‌తో పాటు హిమోగ్లోబిన్, షుగరు చూపించు. ఒకవేళ ఎక్కువొస్తే ఆ వయసులో ముందు ఈసీజీ తీయించి 12.5 తోనో 25 తోనో మొదలుపెట్టాలి, నీ సీసాలోంచి 50 తీసి ఇవ్వొద్దు. ఈలోపు ఎప్పుడైనా మరీ మత్తుగా పడుకోని లేపినా లేవకపోయినా, ఒళ్ళు చల్లబడి ఊపిరి నెమ్మదించినా అదే క్షణం 108కి ఫోన్ చెయ్యి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఇద్దరి రిపోర్టులూ వచ్చినాక నాకు రాయి. ఆడబిడ్డది కూడా.